ఏరిన మన్ను

పెనుకొండలో సమాధులు తవ్వే ఫక్రుద్దీన్ వేళ్లకు గోళ్లు సగమే ఉంటాయి. అక్కడి నేలంతా రాళ్లే. గుంత తవ్వడం అయ్యాక అతను గట్టున గొంతుక్కూర్చుని, శవం కింద పరిచే మన్నును పిడికెడు పిడికెడుగా వేళ్ల సందున జారుస్తూ రాళ్లు ఏరేస్తాడు. ఎంత తొందరపెట్టినా ఆపడు. "సచ్చినోనికి ఏం తెలుస్తాదప్పా?" అంటే, "గుచ్చుకోదా?" అని ఎదురడుగుతాడు. పోయినేడు తన మూడేళ్ల మనవరాలికీ అట్లాగే ఏరాడు.

చావు లేని రోజుల్లో కూలికి పునాదులు తవ్వుతాడు. మొన్న ఊరి బయట అతని గడ్డపారకు పెద్ద కుండ తగిలింది. కబురంది హిందూపురం నుంచి హిస్టరీ లెక్చరర్ ప్రమీల వచ్చింది. కుండలో చిన్న ఎముకలు, పాలపళ్లు ఉన్నాయి. "మూడువేల ఏండ్ల కిందటి బిడ్డప్పా. కొండమీద కోట సంగతి అట్లుంచు, అప్పటికి ఈడ రాజులే లేరు," అందామె. అతను ఊరికే తలూపాడు. ఎముకలు అతనికి కొత్త కాదు. వాటిని తీశాక కుండ అడుగున ఉన్న మన్ను తోడమంది. పిడికెడు తీసి, అలవాటు కొద్దీ వేళ్ల సందున జార్చాడు. ఇంకో పిడికెడు తీశాడు. చుట్టూ నేలంతా రాళ్లే, ఆ మన్నులో మాత్రం ఒక్క రాయి లేదు. "ఏమైందప్పా?" అంది ప్రమీల. అతనికి వినబడలేదు. కుండలోకి వంగాడు.

"ఎవురబ్బా నువ్వు? గుచ్చుకుంటాదని నువ్వూ ఏరినావా?"