మూలకు మూల

మా ఆయన పోయాక మళ్లీ పనికి వెళ్లిన రోజు ప్రెస్సులో ఎవరూ ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనుకోలేదు. డర్బన్ పక్కన మా ఊరు ఒట్టావాలో బస్సెక్కాను, డర్బన్‌లో ఇంకో బస్సు మారాను, ఓవర్‌పోర్ట్‌లో దిగి ఏప్రన్ కట్టుకుని నా బల్ల దగ్గర నిలబడ్డాను. ఏడుపు రాలేదు. జనం దాన్ని గుండెధైర్యం అనుకున్నారు. ధైర్యమూ కాదు, పాడూ కాదు. పన్ను పీకే ముందు చిగుళ్లకు మత్తుసూది వేస్తారే, నాకు ఒళ్లంతా అలా ఉండేది.

అచ్చయిన కాగితాన్ని మడవడం, వరస పేర్చడం, పిన్ను కొట్టడం నా పని. అచ్చు పడినంత మాత్రాన కాగితం పుస్తకం కాదు. మడిచి, నడుమన పిన్ను కొట్టి, మూడు పక్కలా అంచు కోస్తేనే పుస్తకం. అప్పటికి నాకు ఏ భాషలోనూ అక్షరం రాదు. ఏ కాగితం ఎటు మడవాలో అంచున వేసిన గీత చూసి తెలుసుకునేదాన్ని. తెలుగు అక్షరాలు చాలా ఏళ్ల తర్వాత, టోంగాట్‌లో ఆదివారం బడిలో, పిల్లల బెంచీ మీద కూర్చుని నేర్చుకున్నాను. మోకాళ్లు బెంచీ కింద పట్టేవి కావు.

పెళ్లికార్డులు మాత్రం మొదటి నుంచీ చివరిదాకా నావే. మా తెలుగువాళ్లకు పెళ్లికార్డు మూలల్లో పసుపు ఉండాలి. లేకపోతే ఎవరూ దాన్ని ఇంట్లో పెట్టుకోరు. వేరే చోట అచ్చు వేయిస్తే ఇంటికి తీసుకుపోయి ఒక్కొక్క దానికీ వేలితో రాసుకోవాలి. మా ప్రెస్సులో అదీ మేమే చేసి ఇచ్చేవాళ్లం. మడత, కోత అయ్యాక దొంతిని బల్లకు తట్టి సమం చేసి, తడీపొడీగా ఉన్న పసుపుగుడ్డతో మూలల మీద అద్దేదాన్ని. ఇట్టే ఆరిపోయేది. అందుకే టోంగాట్ నుంచీ వెరులం నుంచీ వెతుక్కుంటూ వచ్చేవారు.

మొగుడు పోయిన ఆడది పెళ్లికార్డు ముట్టకూడదు. ఇది ఎవరూ రాసిపెట్టలేదు, అందరికీ తెలుసు. ప్రెస్సు యజమానికీ తెలుసు. మా వైపు యజమానిని లానీ అంటాం. మా లానీ మనవాడే గానీ, తెలుగు సగం పోయినవాడు. నన్ను ఎన్నికల కరపత్రాల మీద వేశాడు. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ మనమూ అందరం కలిసి ఓటు వేసే మొదటి ఎన్నికలు అవి. అన్ని పార్టీల కాగితాలూ మా బల్ల మీదే మడతపడేవి. నాకు అన్నీ ఒకటే మడత.

ఆ పని కోసమే లానీ ఒక ఫోల్డింగ్ మెషిన్ కొన్నాడు. వేరే ప్రెస్సు వాళ్లు వాడి పారేసిన పాత సరుకు.

“ఆంటీ, ఇంక ఫోల్డింగ్ అంతా మెషిన్ చేస్తది. నువ్వు కొంచం ఉండు, చూద్దాం” అన్నాడు.

“చూద్దాం అంటే ఏటి?”

“చూద్దాం అంటే చూద్దాం, ఆంటీ.”

అంటే తీసేస్తాడని. మా ఆయన పనిచేసిన మిల్లు వాళ్లు జీతం ఆపేశారు, నాకు ఈ పని తప్ప ఇంకోటి రాదు. తెలిసి కూడా లోపల ఏమీ కదల్లేదు. మధ్యాహ్నం అన్నం తిన్నాను.

ఆ వారమే టోంగాట్ నుంచి ఒకావిడ కూతురి పెళ్లికార్డులకు వచ్చింది. బోసి నుదురుతో నేను బల్ల దగ్గర కనబడేసరికి ఆగిపోయింది.

“లానీ, ఏటిది? ఈ అక్కకి ఆయన పోయి ఎన్నాళ్లయింది? మా పిల్ల కార్డులు ఈవిడ సేతిలో పెడతావా?”

“నో నో, మెషిన్ చేస్తది. మెషిన్‌కి మొగుడు లేడు, పెళ్లాం లేదు.”

“మరి పసుపో?”

 కార్డులు అచ్చయ్యాక ఆవిడే తన ఆడపడుచులను వెంటబెట్టుకుని వచ్చింది. మెషిన్ ముట్టుకోక ముందే పసుపు పెడితే శుభమని, మడత పెట్టని కార్డులకు, గిన్నెలో కలిపిన ముద్ద పసుపు, నాలుగు మూలలా దిట్టంగా పూశారు. నవ్వుకుంటూ, పాడుకుంటూ. “ఆరనివ్వండమ్మా” అన్నాను ఒకసారి. రెండోసారి అనలేదు.

తడి కార్డులు మెషిన్ రోలర్లలో చుట్టుకుపోయాయి. కార్డులు పీకి మెషిన్ తుడిచి, కరపత్రాలు పెడితే, ప్రతి దాని మీదా పచ్చటి చార. కోత మెషిన్ మీద ఒక జులూ మనిషి ఉండేవాడు. నన్ను గోగో అనేవాడు, అంటే వాళ్ల భాషలో అవ్వ. ఒక కరపత్రం తీసి వెలుగుకు పట్టుకున్నాడు.

“హావు, గోగో! ఇది ఏ పార్టీ రంగు అని మా వీధిలో అడుగుతారు. పసుపు అంటే నమ్ముతారా? చేతికంటిన ఈ రంగుతో నేను ఇంటికి ఎట్లా పోవాలి?”

నవ్వుతూ అన్నాడు గానీ నవ్వు కాదు. ఆ రోజుల్లో పార్టీల గొడవల్లో చొక్కా రంగు చూసి మనుషుల్ని చంపారు. లానీ మెషిన్ ఆపేశాడు. కరపత్రాలన్నీ చించేయించాడు. బాగుచేసేవాడు వచ్చే వారం గానీ రాడు. కార్డులు మళ్లీ అచ్చు వేయించాడు. కానీ ఆ ఆదివారం నుంచే వాళ్లు ఇల్లిల్లూ తిరిగి కార్డులు పంచాలి.

లానీ నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. “ఆంటీ, వెనక రూమ్‌లో ఫోల్డ్ చెయ్. డోర్ వేసుకో. ఆవిడకి చెప్పకు.”

“దొంగతనంగా ముట్టను బాబూ. ఆవిణ్ణి పిలు. నా ముందరే అడుగు. వద్దంటే నేను బస్సెక్కి పోతాను, మళ్లీ రాను. నువ్వు చూద్దాం చూద్దాం అనక్కర్లేదు.”

ఆవిడ వచ్చింది. విన్నది. చేతిసంచీ కొస మెలిపెడుతూ నిలబడింది. ఆదివారం ఎదురుగా ఉంది, వేరే ప్రెస్సుకు పోయే వ్యవధి లేదు.

“సరే అక్కా. మడువు. మూలలు మాత్రం ముట్టకు.”

“మూలకు మూల కలపకుండా మడత ఎలా వస్తాది? వంకర కార్డు పంచుతావా?”

ఆవిడ నా వేళ్ల వంక చూసింది. “కానియ్” అని స్టూలు జరుపుకుని గోడ వైపు తిరిగి కూర్చుంది.

నేను మడిచాను. మూలకు మూల, మడత నొక్కే ఎముక చెక్కతో పైన ఒక గీత, పక్కన పెట్టడం. కొంతసేపటికి గోడ వైపు నుంచే అడిగింది.

“ఆయన ఏటి చేసేవారు?”

“మిల్లులో, బాయిలర్ దగ్గర.”

“జబ్బా?”

“గుండె.”

“మా నాయనదీ అదే” అంది. తర్వాత ఇటు తిరిగింది. మడిచినవి దొంతి చేసి బరువు కింద పెట్టడం మొదలుపెట్టింది. కోత అయ్యాక పసుపుగుడ్డ తడిపి పిండి బల్ల మీద పెట్టాను. చేతికి ఇస్తే తీసుకోదని తెలుసు. బల్ల మీంచి తీసుకుని తనే అద్దింది. పోయేటప్పుడు “వస్తానక్కా” అంది. నాకు కార్డు ఇవ్వలేదు. నేను ఎదురుచూడలేదు.

చేతులు కడుక్కుని లానీ ముందు నిలబడ్డాను. “ఉంచుతావా, పంపేస్తావా? ఇప్పుడే సెప్పు.”

 “పెళ్లికార్డ్స్ వద్దు ఆంటీ. ప్రతిసారీ ఈ గొడవ నా వల్ల కాదు. చావు పుస్తకాలు నువ్వు చెయ్. దానికి ఎవరూ నో అనరు.”

మా వాళ్లు కర్మల రోజు, పోయినవాళ్ల ఫోటో ముందట్ట మీద వేసి, లోపల భజనలు అచ్చు వేయించి పంచుతారు. ఆ పని ఎప్పుడూ ఉంటుంది.

“సరే” అన్నాను. సంతోషం లేదు, బాధా లేదు. పని ఉంది.

మర్నాడు నా స్టూలు పిన్ను మెషిన్ దగ్గర, కోత మెషిన్ పక్కన వేశారు. కాలితో తొక్కితే పిన్ను పడుతుంది. కాగితాల నడిమి మడత సరిగ్గా మెషిన్ ముందుకు పొడుచుకొచ్చిన కొమ్ము మీద కూర్చోవాలి, లేకపోతే పిన్ను పక్కకు పోతుంది. ఎవరో పెద్దాయన ఫోటో. కొన్ని కొట్టాక అడిగాను.

“మా ఆయన పుస్తకాలకి పిన్ను ఎవరు కొట్టారు?”

జులూ మనిషి కత్తి ఆపాడు. “నేనే, గోగో. అప్పుడు నువ్వు రావడం లేదు కదా. కొన్ని వంకరగా పడ్డాయి. పీకి మళ్లీ కొట్టాను.”

“కన్నాలు కనబడ్డాయా?”

“దగ్గరగా చూస్తే.”

నేను దగ్గరగా చూడలేదు. మా ఇంట్లో ఆ పుస్తకాల కట్ట విప్పకుండానే ఉంది. నా చెయ్యి మాత్రం ఆగిపోయింది. కాలు పైకి లేచి ఉంది, తొక్కలేకపోయాను. అతను తన పని తను చేసుకున్నాడు, నా వైపు చూడలేదు. కాసేపటికి కాగితం సర్దుకుని తొక్కాను. పిన్ను పడింది.