ఎర్ర పీలిక విప్పిన చేతులు

ఐసుదిమ్మలు పగలగొట్టే చప్పుడు, దాంతోపాటు ముక్కుకు తగిలే పచ్చిచేపల వాసన. కలిదిండి ప్యాకింగు షెడ్డులో అడుగుపెట్టగానే నాకు సుభద్ర మేడమ్‌గారు గుర్తొస్తారు. ఆవిడ తాడేపల్లిగూడెం కాలేజీలో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. మా ఆయన పోయాక షెడ్డు మానేసి, రెండేళ్లు వాళ్లింట్లో వంట చేశాను. చేప మాత్రం ముట్టేదాన్ని కాదు. "చుక్క ముట్టనోడికి లివర్లో క్యాన్సరేంటే? నువ్వు షెడ్డు నుంచి తెచ్చి వండిన చెరువు చేపల కూరే తినేసింది నా కొడుకుని" అంది మా అత్త, దినం రోజున నలుగురిలో. నేనూ నమ్మేశాను.

ఒకనాడు మేడమ్‌గారు కొరమేను తెప్పించారు. నా వల్ల కాదండీ అన్నాను. "ఇగురు అడిగానే మంగా, నీ ప్రాణం అడిగానా?" అన్నారు. ఏడుస్తూ అంతా చెప్పేశాను. ఆస్పత్రి కాగితాలు తెమ్మన్నారు. డాక్టరుగారు అప్పట్లో చెప్పే ఉంటారు, నా చెవికెక్కలేదు. ఆవిడ వంటింటి గడప మీదే కూర్చుని చదివారు.

"హెపటైటిస్ బి అని రాసుంది. రక్తంలో వైరస్. ఏళ్ల తరబడి లివర్ని పాడుచేస్తుంది. కూరతో రాదు."

"మరి గడ్డ అంతలా ఎందుకు పెరిగిందండీ?"

"షెడ్డులో పాడైన ట్రేని ఏం చేస్తారు?"

"ఎర్ర పీలిక కడతామండీ. అది చూసి పారబోస్తారు."

"ఒంట్లోనూ అంతే. పనైపోయిన ప్రోటీనుకి ఓ గుర్తు తగులుతుంది, అది చూసి ముక్కలు చేసేస్తుంది కణం. ఆ గుర్తు విప్పే ఎంజైములూ ఉంటాయి. అవీ కావాలి మనకి. కానీ లివర్ క్యాన్సర్లో వాటిలో కొన్ని మితిమీరిపోతాయి. గడ్డని పెంచే ప్రోటీన్ల గుర్తులు విప్పేస్తాయి. పోవాల్సినవి పోవు, గడ్డ పెరుగుతుంది."

"నేనూ విప్పానండీ ఓసారి" అన్నాను భయంగా. "పీలికలు చాలక రెండు ట్రేలవి లాగి వేరేవాటికి కట్టాను. ఆ రెండూ లారీ ఎక్కిపోయాయి."

ఆవిడ కళ్లజోడు తీసి మరీ నవ్వారు. "ఆ ట్రేల పాపం నీదే. మీ ఆయన చావు పాపం మాత్రం నీది కాదు."

ఎన్నాళ్లకో నాకూ నవ్వొచ్చింది. ఆ వైరస్ ఇంట్లోవాళ్లకీ అంటి ఉండొచ్చని, మర్నాడు నన్నూ మా అమ్మాయినీ బస్సెక్కించి ఏలూరు తీసుకెళ్లి రక్తపరీక్ష చేయించారు. ఇద్దరికీ ఏమీ లేదన్నారు. అమ్మాయికి టీకా వేశారు. ఆస్పత్రి బల్ల మీద కూర్చుంటే గుండెల మీంచి బండ దిగినట్టయింది.

మేడమ్‌గారు ఇప్పుడు లేరు. నేను మళ్లీ షెడ్డు పనికే వచ్చేశాను. నాకు చదవడం ఇంకా రాదు, చదివించుకోవడం వచ్చింది. మొన్న షెడ్డులో ఒకావిడ, మొగుడి జబ్బుకి తన పాదమే కారణమని కుమిలిపోతుంటే చెయ్యి పట్టుకుని లేపాను.

"తర్వాత ఏడుద్దువుగానీ, ముందు ఆ కాగితాలు తేవే."