నేను తెల్లవార్చిన ఈస్టరు

బండికి లైట్లు పెట్టించుకుని బాగుపడినవాళ్లు లోకంలో ఉండే ఉంటారు. నేను మాత్రం నాలుగు లైట్లు పెట్టి ఒక పల్లెనంతా మోసం చేశాను. అదీ ఈస్టరు పండగనాడు, సమాధుల తోటలో, మా నాన్న సాక్షిగా. తప్పు ఎవరిదంటే మా బావది. కథ అయ్యాక మీరు నాదే అంటారు. అనండి. అందరూ అదే అన్నారు, నాకు అలవాటే.

నాలుగేళ్ల కిందటి మాట. మాది బందరు. నాకో పికప్ వ్యాను ఉంది, రొయ్యల మేత బస్తాలు బంటుమిల్లి చెరువులకి తోలుతుంటాను. మా నాన్న సమాధి దివిసీమలో, అవనిగడ్డ అవతల ఆయన పుట్టిన పల్లెలో ఉంది. మావాళ్లు ఈస్టరునాడు పొద్దు పొడవకముందే సమాధుల దగ్గరికి చేరి చీకట్లోనే కొవ్వొత్తులు వెలిగిస్తారు. తూర్పున వెలుగు కనపడగానే పాస్టరు అయ్యగారు, ప్రభువు సమాధిలోంచి లేచిన గుర్తుగా, "ఆయన లేచెను!" అంటారు. అందరూ కొవ్వొత్తులు ఆర్పి పాట అందుకుంటారు. చీకట్లో వెలిగిస్తేనే అది కొవ్వొత్తి, తెల్లారాక వెలిగిస్తే మైనం దండగ అని మా అమ్మ సిద్ధాంతం.

ఆ ముందు యేడాది నా బండి హెడ్‌లైట్లు మసగ్గా ఉండి, పల్లె దగ్గర పుంతదారిలో, బండ్లు తిరిగే మట్టిబాటలో, దిగబడ్డాం. అమ్మని చేర్చేసరికి ఎండ చుర్రుమంటోంది. మా అక్క మొగుడు యేసురత్నం బావ గుడివాడ నుంచి కారులో వచ్చి, అప్పటికే పాటలన్నీ పాడించేసి, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏం బావమరిదీ, మీ అమ్మ చేతిలో కొవ్వొత్తే నీ హెడ్‌లైట్ల కంటే నయం కదరా. ఆవిడ అది పట్టుకుని ముందు నడిస్తే, నువ్వు వెనకాల బండి తోలుకుంటూ వచ్చేవాడివి."

పందొమ్మిది మంది నవ్వారు. పేర్లు ఇప్పుడడిగినా చెబుతాను. వాళ్లలో ఒకాయన తర్వాత కాలు విరిగి మంచాన పడితే చూడ్డానికి వెళ్లాను గానీ, బత్తాయిలు తీసుకెళ్లలేదు.

అమ్మ నవ్వలేదు. ఇంటికొచ్చాక ఒకటే మాట అంది. "వచ్చే యేడు కూడా పొద్దెక్కితే, ఇక నేను అల్లుడి కారులోనే వెళ్తాను."

నా బండి ఉండగా మా అమ్మ బావ కారెక్కడమా! ఆ యేడాదంతా నాకు అన్నం సయించలేదు. తిన్నాను, సయించలేదంతే.

ఈస్టరు ఇంకో వారం ఉందనగా మస్తాన్ గారి దగ్గరికి వెళ్లాను. బందరులో బండ్ల కరెంటు పనిలో చెయ్యి తిరిగిన మనిషి.

"రెండు లైట్లు చాలండి. బంపరు మీద పెట్టి కిందికి వంచుదాం," అన్నాడు.

"నాలుగు కావాలి. క్యాబిన్ పైన."

"పైన పెడితే ఎదుటివాళ్ల కళ్లు పోతాయండి. పోలీసులూ ఊరుకోరు."

"నేను వెళ్లేది సమాధుల తోటకండీ. అక్కడ ఎవరి కళ్లు పోతాయి?"

"దారిలో బతికున్నవాళ్లు ఉంటారు కదండీ!"

చూశారా వెటకారం! పైగా ఇంకో మాటన్నాడు. "నాలుగు పెడితే మధ్యలో రిలే తప్పనిసరండి. లేకపోతే కరెంటు బరువంతా స్విచ్ మీద పడి, అది కాలి అతుక్కుపోతుంది. తర్వాత మీరు ఆపుదామన్నా ఆగదు."

నాకు చెప్పొచ్చాడు. లైట్లు కొనుక్కుని ఇంటికొచ్చి, ఫోనులో వీడియోలు చూసుకుంటూ నేనే బిగించాను. క్యాబిన్ పైకప్పుకి చిల్లులు పొడిచాను. పాత టేబుల్ ఫ్యాను వైరుతో కనెక్షన్ ఇచ్చాను. రిలే పెట్టలేదు. ఎందుకంటే అది మస్తాన్ గారు పెట్టమన్నాడు. పసుపు వెలుగుకి పురుగులు రావని ఎవరో అంటే, అద్దాలకి పసుపు కాగితం అంటించాను. హెడ్‌లైట్లనీ వీటినీ ఒకే వైరుకి కలిపేశాను. మిట్టమధ్యాహ్నం స్విచ్ వేసి చూశాను. వెలిగాయి. మిట్టమధ్యాహ్నం వెలిగిన లైటు ఎటు చూస్తోందో తెలియదన్న సంగతి ఆ వీడియోల్లో ఎవరూ చెప్పలేదు. వాళ్లమీద కూడా నాకు కోపమే.

ఈస్టరు తెల్లవారుజామున అమ్మ ముందు సీట్లో కూర్చుంది. ఒళ్లో కొవ్వొత్తుల పొట్లం, లిల్లీపూల దండ. చల్లపల్లి దాటాక స్విచ్ వేశాను. దివిసీమంతా పసుపు రాసినట్టయింది.

"రోడ్డు కనపడుతోందా?" అంది అమ్మ.

"బ్రహ్మాండంగా!"

"మరి నాకు తాటితలలు చూపిస్తున్నావేం?"

నిజమే. ఎడమపక్క తాటిచెట్ల గెలలు లెక్కపెట్టొచ్చు, కుడిపక్క కరెంటు తీగల మీద నిద్రపోతున్న కాకుల్ని పేరుపెట్టి పిలవొచ్చు, చక్రాల ముందు గొయ్యి మాత్రం కనపడదు. దీపం కింద చీకటి అంటారు, నాకు నాలుగు దీపాల కింద నాలుగు చీకట్లు. పురుగులు రావన్నారా? మూడు మండలాల పురుగులు మహాసభ పెట్టుకున్నాయి.

అవనిగడ్డ దాటాక పాలక్యాన్లతో ఒకాయన మోటారు సైకిలు మీద ఎదురొచ్చాడు. మోచేయి కళ్లకి అడ్డం పెట్టుకుని, తిన్నగా రోడ్డు పక్క పంటబోదె నీళ్లలోకి దిగిపోయాడు.

"ఎవడ్రా అది! ఆపరా ఆ లైట్లు!"

స్విచ్ నొక్కాను. ఆగలేదు. గుద్దాను. ఆగలేదు.

"ఆగట్లేదండీ!"

"ఆపడం రానివాడివి ఎందుకు వేశావురా!"

క్యాబిన్లో కమురు వాసన మొదలైంది.

"ఏదో కాలుతోందిరా," అంది అమ్మ.

"కొవ్వొత్తుల వాసనమ్మా."

"ఇంకా వెలిగించలేదుగా?"

వైరు పీకేద్దామంటే హెడ్‌లైట్లు కూడా పోతాయి, గుడ్డి చీకట్లో అమ్మతో కాలవలో పడాలి. ఆగి బాగుచేద్దామంటే తెల్లారిపోతుంది, అమ్మ కారెక్కేస్తుంది. ఏమైతే అదైందని తోలాను. పల్లె దగ్గరికి రాగానే పోయినసారి దిగబడిన పుంతదారి ఎదురైంది. సమాధుల తోటకి అదే దగ్గర. కానీ నన్ను పందొమ్మిది మంది నవ్వులపాలు చేసిన దారిలో చచ్చినా వెళ్లను. అందుకని ఊరు చుట్టి, తోటకి తూర్పునున్న కాలవ గట్టు వైపు తిప్పాను.

తూర్పు వైపు. గుర్తుపెట్టుకోండి.

గట్టుకి అవతల తోటలో పల్లెజనం కొవ్వొత్తులు పట్టుకుని తూర్పుకేసి చూస్తున్నారు. ఆకాశం నిండా మబ్బు, చుక్కలేదు. అయ్యగారికి ఆమధ్యే కంటి ఆపరేషన్ అయింది. నా బండి ముక్కు పైకెత్తి గట్టు ఎక్కుతోంది. మబ్బుల కింద ముందు లేత పసుపు, తర్వాత ముదురు పసుపు, ఆ తర్వాత బంగారం. ఇదంతా వాళ్లు తర్వాత చెప్పింది. నాకు వినపడింది ఒకటే.

"ఆయన లేచెను!" అన్నారు అయ్యగారు.

"నిజముగా లేచెను!" అని జనమంతా కొవ్వొత్తులు ఉఫ్‌మని ఊదేశారు. బావ డప్పు అందుకుని పాట ఎత్తుకున్నాడు. పక్క పేటలో కోడి కూడా కూసింది. దానికి కంటి ఆపరేషన్ ఏమీ కాలేదు.

మొదటి చరణం సగంలో సూర్యుడు గట్టెక్కి, ఇంజను చప్పుడు చేస్తూ కిందికి దిగాడు.

పాట ఆగిపోయింది. చేతులన్నీ కళ్లకి అడ్డం లేచాయి.

"ఎవరది?" అన్నారు అయ్యగారు.

"మా బావమరిదండీ," అన్నాడు బావ. ఆ మాట అన్న తీరు నా జన్మలో మర్చిపోను.

"లైట్లు ఆపు నాయనా!"

"ఆగట్లేదండయ్యగారూ!"

స్టీరింగు కిందికి దూరి వైరు పట్టుకుని లాగాను. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారంటారు. నా చేతులు కాలేటప్పటికి ఆకులు కూడా కనపడలేదు, ఎందుకంటే దాంతోపాటు తాళం వైరూ తెగడంతో నాలుగు లైట్లూ, హెడ్‌లైట్లూ, ఇంజనూ ఒక్కసారే చచ్చాయి. కొవ్వొత్తులు అంతకుముందే ఆరాయి. సమాధుల మధ్య నూరు మందిమి, ఎవరి చెయ్యి ఎవరికీ కనపడనంత చీకటి.

ఆ చీకట్లో క్యాబిన్ తలుపు కిర్రుమంది. అగ్గిపుల్ల గీసిన చప్పుడైంది. అమ్మ కొవ్వొత్తి వెలిగించుకుని, నడిచి వెళ్లి నాన్న సమాధి మీద పెట్టింది. ఒక్కొక్కరే వచ్చి ఆ కొవ్వొత్తి దగ్గరే మళ్లీ వెలిగించుకున్నారు. చివరికి బావ కూడా వంగాడు. నేను కళ్లారా చూశాను.

అసలు పొద్దు పొడవడానికి ముప్పావుగంట పట్టింది. పాటలు మొదటినుంచీ మళ్లీ పాడారు. రెండోసారికి బావ గొంతు బొంగురుపోయింది. ఆ పండక్కి నాకు మిగిలిన ఆనందం అదొక్కటే.

బండి ఎంత తిప్పినా స్టార్టవలేదు. అమ్మ ఆ యేడాదే అల్లుడి కారెక్కింది, ముందు సీట్లో. వెనక సీట్లో డప్పు ఒళ్లో పెట్టుకుని నేను. చల్లపల్లి వచ్చింది. ఇక ఆగలేక నేనే అడిగాను.

"అమ్మా, ఎంతైనా నువ్వు చీకట్లోనే వెలిగించావుగా? నిన్ను వేళకి చేర్చినట్టేగా?"

అమ్మ వెనక్కి తిరగలేదు.

"పొద్దుకంటే ముందు తీసుకెళ్లరా అన్నాను గానీ, పొద్దుని బండికి కట్టుకుని రమ్మన్నానా?"

బావ నవ్వు ఆపుకోలేక కారు పక్కకి తీసి ఆపాడు. ఎంతసేపు ఆపాడో కూడా నాకు తెలుసు.

కావున బంధుమిత్రులకీ, పాలక్యాన్ల పెద్దమనిషికీ, ఆ కోడికీ తెలియజేయునది ఏమనగా: ఈ దివిసీమలో సూర్యుడు ఎప్పుడు లేవాలో ఇకమీదట ఆయనే చూసుకుంటాడు. నేను జన్మలో కల్పించుకోను. మా నాన్న సమాధి మీద ఒట్టు.