ముఖాలు లేని కోత పండుగ

ఇప్పటిదాకా ఎవరికీ చెప్పని మాట ఒకటి ఉంది. నేను గోడల్నీ గిన్నెల్నీ ఫొటోలు తీయడం మొదలుపెట్టింది కళ మీద ప్రేమతో కాదు. "ఇటు చూడండి" అని మనుషుల్ని అడగడానికి నోరు రాక.

మొదట్లో గిన్నె గిన్నెలాగే వచ్చేది. ఒకసారి అమ్మ అట్టు పోస్తుంటే బాగా దగ్గరికి వంగి తీశాను. ఫొటోలో అట్టూ లేదు, పెనమూ లేదు. తెల్లటి నేల నిండా చిల్లులు. వస్తువు పేరు మరిచిపోయేంత దగ్గరికి వెళ్ళాలని డైరీలో రాసుకున్నాను. మరీ దగ్గరికి వెళితే ఫోనుకి మసకేస్తుందనీ, పొద్దుటి ఏటవాలు ఎండలో గరుకుదనం పైకి తేలుతుందనీ తరవాత మెల్లగా తెలిసింది. తెల్లచీర మీద నీలిమందు చారలు, గేటు తుప్పు, తడిసిన చాప... నా ఫోను నిండా ఇవే.

అలాంటి నన్ను పట్టుకుని, చీపురుపల్లి దగ్గరున్న మా చర్చి పాస్టరుగారు కోత పండుగ ఫొటోలు తీయమన్నారు. తల ఊపేశాను. కాదనాలన్నా మాట్లాడాలి కదా.

కోత పండుగకి అందరూ తొలి పంట తెచ్చి దేవుడి ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వాటికి వేలంపాట. మా మామ్మ, అంటే నాన్న తల్లి, ఈసారి పెరట్లో కాసిన గుమ్మడికాయ తెచ్చింది. కోటబొమ్మాళిలో ఉండే ఆవిడ అక్క, "నీ పెరట్లో గడ్డి కూడా మొలవదే" అని ఏళ్ళుగా ఏడిపిస్తోంది.

"కాయతోటి నన్ను తియ్యే గుంటా. మా అప్పకి పంపాల," అని పొద్దున్నే చెప్పింది మామ్మ.

అంత జనంలో ఆవిణ్ణి కాయ పక్కన నిలబెట్టే ధైర్యం నాకు రాలేదు. తరవాత తీద్దాంలే అనుకుంటూ, వంగి నాకు తెలిసినట్టే తీసుకుంటూ పోయాను. తలెత్తేసరికి పాట అయిపోయింది. రాజాం నుంచి వచ్చిన చుట్టాలెవరో గుమ్మడికాయ పాడుకుని ఆటోలో వేసుకుపోయారు.

భోజనాల దగ్గర అత్తలు నా ఫోను లాక్కున్నారు.

"ఇదేటే, కోడి కాలా?"

"మా మొగాలేవే?"

"ఒసే, నాను కొత్త సీర కట్టుకొచ్చింది ఈ అంచు ముక్క కోసమా!"

అందరూ నవ్వారు. మామ్మ నవ్వలేదు. "నా కాయేదే?" అంది.

ఒక ఫొటో తెరిచి ఆవిడ చేతిలో పెట్టాను. పసుపు మీద అడ్డంగా, నిలువుగా గరుకైన రెండు తెల్లటి చారలు, వేసవిలో నాగావళి ఇసుకపాయల్లా. కాయ ఆకారం ఎక్కడా లేదు. మామ్మ ఫోను దూరంగా పట్టుకుంది, తిప్పింది, మళ్ళీ దగ్గరికి తెచ్చుకుంది. బొటనవేలి గోరు ఆ చార వెంట మెల్లగా కదిలింది.

"పిందెప్పుడు గీసినాను," అంది.

దేవుడికి అనుకున్న పిందె మీద ఆవిడ గోటితో సిలువ గీస్తుంది, ఇంట్లో ఎవరూ కోసెయ్యకుండా. కాయతో పాటు ఆ గీతా పెరుగుతుంది.

"ఇంత పెద్దదైపోనాదేటి!"

"ఇందులో నువ్వు లేవు మామ్మా," అన్నాను. ఏడుపొస్తోంది.

"నా గోరున్నాది గదే."

ఇంకాసేపు చూసుకుని, ఫోను నా ఒళ్ళో పెట్టింది.

"మా అప్పకి పంపు. ఏటన్నది మాత్రం సెప్పకు. కూకుని బుర్ర గోక్కుంటాది."