'చూశాను' బటన్

మా చెవి, ముక్కు, గొంతు విభాగంలో ఆమెను డాక్టర్లతో సహా అందరూ అక్క అనే పిలిచేవారు. రోగి ముక్కులోంచి సన్నటి గొట్టం దించి గొంతు ఫొటోలు తీయడం ఆమె పని. పందొమ్మిదేళ్లు అదే చేసింది. మనిషి పేరు మర్చిపోయేది గానీ గొంతు మర్చిపోయేది కాదు. ఆ గది బయట చీటీలు రాసేవాణ్ణి నేను. నాకు నోరు ఎక్కువని అక్కడ అందరికీ తెలుసు.

రెండేళ్ల కిందట, ఫొటో చూసి జబ్బు పసిగట్టే కంప్యూటర్ వచ్చింది. దాన్ని తిట్టను. మా పెద్ద డాక్టరు దాటేసినవి కూడా చాలాసార్లు పట్టుకుంది. దానితోపాటు ఓ నియమం వచ్చింది. కంప్యూటర్ ఏం చెప్పినా సరే, డాక్టరు తన కళ్లతో ఫొటో చూసి 'చూశాను' అనే బటన్ నొక్కాలి. అప్పుడే రిపోర్టు బయటికొస్తుంది. ఆ నియమాన్ని ఫ్రేము కట్టించి మరీ గోడకి తగిలించారు. వారం తిరక్కుండానే పెద్ద డాక్టరు తన పాస్‌వర్డు అక్క చేతిలో పెట్టాడు, నా ఎదురుగానే.

"రోజుకి ఎనభై ఫొటోలు. అవన్నీ చూస్తూ కూర్చుంటే అయినట్టే. నువ్వే నొక్కెయ్ అక్కా."

ఒకరోజు బస్సు కండక్టరొకడు వచ్చాడు. రెండు నెలలుగా గొంతు బొంగురు. "టిక్కెట్, టిక్కెట్ అని అరిచి అరిచి అరిగిపోయిందక్కా," అని నవ్వాడు. కంప్యూటర్ ఆకుపచ్చ చూపించింది, అంటే భయం లేదని. అక్కకి మాత్రం స్వరతంత్రి అంచున బియ్యపు గింజంత తెల్లమచ్చ కనబడింది. ఫొటో పట్టుకుని డాక్టరు గదికి వెళ్లింది.

"ఒక్కసారి చూడండి సార్."

ఆయన తలెత్తలేదు. "ఆకుపచ్చేగా? కంప్యూటర్ కంటే నీకెక్కువ తెలుసా?"

తిరిగొచ్చి ఫొటోని తెర మీద పెద్దది చేసి మళ్లీ చూసింది. బయట కండక్టరు డ్యూటీకి వేళైందని తొందరపడుతున్నాడు. "ఏమైందక్కా, కాగితం ఇచ్చెయ్," అని నేనూ కసిరాను. నొక్కింది.

ఏడు నెలల తర్వాత కండక్టరు మళ్లీ వచ్చాడు, మెడ ముందు రంధ్రంతో. వేరే ఆసుపత్రిలో క్యాన్సరని తేల్చి స్వరపేటిక మొత్తం తీసేశారు. కాగితం మీద రాసి అక్క ముందు పెట్టాడు: "ఆ రోజు డాక్టరు నా ఫొటో చూశారా?"

కంప్యూటర్‌లో చూశారనే ఉంది, పదకొండూ పదికి. అదే చెబితే ఆమెకి ఏ గొడవా లేదు.

"చూడలేదు తమ్ముడూ. నేనే చూశాను. మచ్చ కనబడింది. అయినా నొక్కాను," అంది.

విచారణ పెట్టారు. పాస్‌వర్డు దొంగిలించిందని అక్కని ఉద్యోగంలోంచి తీసేశారు. తనకేమీ తెలియదని డాక్టరు రాసిచ్చాడు. ఆయన మొహం చూస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. విచారణలో నన్నూ అడిగారు. ఇంత నోరున్నవాణ్ణి, నాకూ తెలియదనే చెప్పాను.

ఇకమీదట ఇలా జరక్కూడదని నియమాన్ని గట్టి చేశారు. ఇప్పుడు 'చూశాను' రెండుసార్లు నొక్కాలి. ఆ పాస్‌వర్డు ఇప్పుడు నా దగ్గరుంది. రోజుకి ఎనభై ఫొటోలు, నూట అరవై నొక్కులు. నాకు గొంతులన్నీ ఒకేలా కనబడతాయి.