ఖాళీగా తిరిగొచ్చిన గిన్నె

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండమ్మా, కాళ్ళ మీద ఈ దుప్పటి కప్పుకోండి, చెప్తాను. నిన్న పక్కింట్లోకి కొత్తగా దిగిన కివీ అమ్మాయి, అదే ఈ న్యూజిలాండ్ పిల్ల, నేను పంపిన పులిహోర గిన్నె కడిగి తెచ్చి, థాంక్యూ ఆంటీ అని నవ్వుతూ చేతికిచ్చి వెళ్ళింది. తనదేం తప్పు, వాళ్ళకా పట్టింపు లేదు. కానీ ఆ ఖాళీ గిన్నె పట్టుకుని గుమ్మంలో ఎంతసేపు నిలబడిపోయానో.

మేము ఈ మౌంట్ రాస్కిల్ పేటకి వచ్చిన కొత్తలో ఆ పక్కింట్లోనే ఒక టర్కీ కుటుంబం ఉండేది. నేను ఆ ఇంటావిణ్ణి వదినా అనేదాన్ని, ఆవిడ నన్ను అబ్లా అనేది, అంటే వాళ్ళ భాషలో అక్క. ఇద్దరికీ కలిపి పది ఇంగ్లీషు ముక్కలు రావు గానీ, నా స్టీలు గిన్నె మాత్రం కంచె మీదుగా తిరుగుతూనే ఉండేది. పప్పుతో వెళితే ద్రాక్షాకుల్లో చుట్టిన అన్నంతో వచ్చేది, ఏమీ లేనిరోజు నాలుగు నిమ్మకాయలైనా వేసి ఇచ్చేది. ఇచ్చినవాళ్ళ గిన్నె ఖాళీగా పంపకూడదన్నది మనకెంతో వాళ్ళకీ అంతేనట, అది తెలిసినరోజు ఇద్దరం కంచె పట్టుకుని ఒకటే నవ్వు.

వాళ్ళమ్మాయి, అప్పుడే కాలేజీలో చేరిన పిల్ల, "ఆంటీ, ముద్ద" అంటూ వచ్చి నాచేత ఆవకాయ అన్నం కలిపించుకు తినేది. అలాంటిది ఒక చలికాలం బాగా చిక్కిపోయింది. ఒకనాడు మా వంటింటి తలుపు దగ్గరగా వేసి, దొడ్డికి వెళ్తే నెత్తురు పడుతోందని సైగలతో చెప్పి, నా రెండు చేతులూ పట్టుకుంది. "అమ్మకి చెప్పకు ఆంటీ, ప్రామిస్." ఆడపిల్ల, నలుగురిలో చెప్పుకోలేని జబ్బు, నేనూ ఆడదాన్నేగా, సరేనన్నాను.

సరేనని ఏం చేశాను? వేడి చేసిందనుకున్నాను. మా అమ్మ చేసినట్టే ఆవకాయ మాన్పించి, మెంతులు నానేసిన మజ్జిగా, సగ్గుజావా, దానిమ్మ తొక్క కషాయమూ పట్టాను. రెండురోజులు తగ్గినట్టుండేది, మూడోరోజు మళ్ళీ మామూలే. డాక్టరు దగ్గరికి పోదామే అంటే తల అడ్డంగా ఊపేది, నేనూ గట్టిగా అనలేదు. కంచె అవతల నుంచి వదిన, బుగ్గలు లోపలికి పీల్చి చూపించి, పిల్ల ఎందుకిలా అయిందని అడిగితే, చదువు, చదువు అన్నాను. ఆ మాట ఇప్పటికీ నా గొంతులో ముల్లే.

పిల్ల బాత్‌రూములో పడిపోయి, అంబులెన్సు వచ్చాక అసలు సంగతి బయటపడింది. పెద్దపేగంతా పుండ్లట, మనవాళ్ళు పేగుపూత అంటారే, అందులో ముదిరిన రకం. మందులకి లొంగక ఆ పేగు తీసేసి, దొడ్డికి పోయేందుకు పొట్టకి సంచి పెట్టారు. వాళ్ళ వంశంలో ఎవరికీ లేదు. ఇలా దేశం దాటి వచ్చినవాళ్ళ పిల్లల్లో కనిపిస్తోంది, ఎందుకో పూర్తిగా తెలీదన్నారట డాక్టర్లు. నా వంట వల్ల రాలేదన్నారు, ఇంకాస్త ముందు వస్తే పేగు దక్కేదేమో అనీ అన్నారు. నేను చూడ్డానికి వెళ్ళినప్పుడు ఆ పిల్ల జ్వరంలో వాళ్ళమ్మతో ఏదో అంది, ఆంటీ అన్న మాటొక్కటే నాకు తెలిసింది. మిగతాది, నాకు ముందే తెలుసని చెప్పేసిందని, వదిన నావైపు తిరిగిన తీరులో అర్థమైంది.

ఆవిడ తిట్టినా బాగుండేది. వారం తర్వాత నా గిన్నె మా గుమ్మంలో పెట్టి వెళ్ళింది, తళతళా తోమి, లోపల ఏమీ లేకుండా.

ఆ తర్వాత వాళ్ళు హామిల్టన్ అనే ఊరికి వెళ్ళిపోయారు. పిల్ల ఉద్యోగం చేసుకుంటోందని విన్నాను. ఇప్పుడు నా మనవరాలు టీ తాగుతూనే తన కడుపు సంగతులన్నీ అందరి ముందూ ఏకరువు పెడుతుంటే, సిగ్గులేదే అనబోయి నోరు మూసుకుంటాను. మా ఈడువాళ్ళం దాచడమే మర్యాద అనుకుని బతికాం మరి. ఆ గిన్నె హామిల్టన్ పంపమని మా అబ్బాయిని ఎన్నిసార్లు అడగబోయానో. ఏం వేసి పంపాలో తెలీక ఊరుకున్నాను.

మీ పిల్లల కడుపులు చల్లగా ఉండాలమ్మా. వాళ్ళకేం వచ్చినా ముందు మీకే చెప్పాలి, ఇరుగింట్లో చెప్పుకున్నా అది మీదాకా రావాలి.