టీగ్ కోటు బొత్తాలు

అమెరికాలోని ట్రాయ్ పట్నంలో చొక్కా కాలర్ల ఇస్త్రీ పనికి వెళ్లే ముందు హనోరా రోజూ గోడ మేకుకు తగిలించిన కోటు బొత్తాలు విప్పి, మళ్లీ ఒక్కొక్కటే పెడుతుంది. ఎందుకో ఇరుగుపొరుగుకు అంతుపట్టదు. ఐర్లండు నుంచి ఓడెక్కి వచ్చి, ఉత్త పిడికిళ్లతో పెద్దపెద్ద వస్తాదులను పడగొట్టిన ఆమె పెనిమిటి టీగ్‌ది ఆ కోటు. ఆయన పోయి ఏడాదైంది. సారాకొట్టు డెవ్లిన్ దానికోసం నాలుగోసారి వచ్చాడు.

"చిమ్మటల పాలు చేస్తావా వదినా? కొట్లో తగిలిస్తే మనవాళ్లంతా చూసి మీసం మెలేస్తారు. అవునూ, ఆ పిడికిలి నిజంగా రాయేనా?"

"రాయే. వేళ్లు వంగితేగా! పదేళ్లు ఈ బొత్తాలు నేనే పెట్టాను."

డెవ్లిన్ నవ్వబోయి బొత్తాల వంక చూశాడు. హనోరా కోటును మేకు నుంచి తీసి, కాసేపు ఒళ్లో ఉంచుకుని, చివరికి అతని చేతికిచ్చింది.

"బొత్తాలు విప్పి తగిలిస్తా, ఛాతీ వెడల్పుగా కనబడుతుంది" అన్నాడతను.

"విప్పకు నాయనా. ఆయన మళ్లీ పెట్టుకోలేడు."